చువ్వలు వదిలిన మేడ

ఏమండీ, మీ ఇంట్లో ఇంటర్ పరీక్షలు రాసేసి ఖాళీగా కూర్చున్న పిల్లలెవరైనా ఉన్నారా? ఉంటే ఈపాటికి గేమింగ్ పీసీ ప్రస్తావన వచ్చే ఉంటుంది. నేరుగా రాదు లెండి. "ఇంజనీరింగ్‌లో కోడింగ్ ఉంటుంది, మంచి కంప్యూటర్ లేకపోతే కష్టం" అంటూ డొంకతిరుగుడుగా వస్తుంది. కోడింగ్‌కి ఫ్యాన్లలో రంగు లైట్లెందుకురా అంటే మాత్రం నవ్వేసి ఊరుకుంటారు. మా చుట్టాల్లో ఎవరికి కంప్యూటర్ కావాలన్నా ఫోను నాకే చేస్తారు కాబట్టి ఈ వరస నాకు అలవాటే.

ఈమధ్య చేసింది మా మేనల్లుడు. "మామయ్యా, నాన్న అరవై వేలకి ఒప్పుకున్నారు. కానీ ఇంకో పదేళ్ళు మళ్ళీ కంప్యూటర్ మాట ఎత్తకూడదట. ముందు ముందు కూడా పనికొచ్చేలా ఒకటి చెప్పు" అన్నాడు. వెనకాల నుంచి మా బావగారి గొంతు: "పదేళ్ళంటే పదేళ్ళే. అది కూడా చెప్పు మీ మామయ్యకి."

పదేళ్ళట! 2016లో జీటీఎక్స్ 1080 అనే గ్రాఫిక్ కార్డు వచ్చింది. అప్పట్లో అదే రాజు. కొన్నవాళ్ళు ఇక దశాబ్దం దాకా చూసుకోనక్కర్లేదనుకున్నారు. 2024 డిసెంబరులో ఇండియానా జోన్స్ ఆట విడుదలైతే ఆ రాజుగారి మీద అది ఆడనే ఆడదు. రే ట్రేసింగ్ చేసే హార్డ్‌వేర్ కార్డులోనే ఉండాలని ఆట పట్టుబడుతుంది, 1080లో అది లేదు. 2019లో వచ్చిన మధ్యరకం ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ మీద మాత్రం ఆడుతుంది. మరుసటి ఏడాది వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్‌ది కూడా ఇదే పట్టు. అంత డబ్బు పోసి కొన్నది బలం తగ్గి కాదు, కొత్త విద్య రాక పక్కకి తప్పుకుంది. ఏ విద్య కావాల్సొస్తుందో కొన్న రోజున ఎవరికి తెలుసు?

ఇప్పుడు 2017కి రండి. ఏఎండీవాళ్ళు రైజెన్ ప్రాసెసర్లు తెచ్చారు, ఏఎం4 అనే సాకెట్ మీద. ఆ ఏడాది ఆరు కోర్ల రైజెన్ 5 1600 పెట్టి, బి350 చిప్‌సెట్ ఉన్న మామూలు బోర్డు కొన్నవాడు ఐదేళ్ళ తర్వాత అదే బోర్డు మీద 5800ఎక్స్3డి పెట్టుకోగలిగాడు. 2022లో గేమింగ్‌కి అంతకన్నా మంచి ప్రాసెసర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. రాజుగారి లాంటి కార్డు కాలం చేసింది, అంతంతమాత్రం బోర్డు మాత్రం నిలబడింది. మా వాడికి నేను చెప్పిందంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది.

మన ఊళ్ళలో ఇల్లు కట్టేవాళ్ళని చూడండి. చేతిలో ఉన్నది ఒక అంతస్తు డబ్బే. అయినా పునాది, పిల్లర్లు రెండంతస్తుల లెక్కకే వేస్తారు. స్లాబు పోశాక పిల్లర్ల చువ్వలు నాలుగడుగులు పైకి వదిలేస్తారు. అంతేగాని పై అంతస్తుకి కావాల్సిన టైల్సు, కిటికీ తలుపులు ఇప్పుడే కొని మెట్ల కింద పెట్టుకోరు. కంప్యూటర్ కొనేవాళ్ళు సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు. రెండేళ్ళ తర్వాత కావాల్సొస్తుందేమోనని కార్డుకీ ప్రాసెసర్‌కీ ఇవాళే డబ్బు పోసి, బోర్డు దగ్గరా కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ దగ్గరా పిసినారితనం చూపిస్తారు.

దేనికి ముందే డబ్బు పెట్టాలో తేల్చుకోవడానికి నాకో కొండగుర్తు ఉంది. వస్తువు విప్పి చూడండి. సోల్డరింగ్ చేసి అతికించేసినది తర్వాత పెంచుకోలేరు, దానికి ఇప్పుడే పెట్టండి. స్లాట్‌లో గుచ్చేది ఎప్పుడైనా గుచ్చుకోవచ్చు, అది ఆగుతుంది. గ్రాఫిక్ కార్డు మీద ఉండే మెమరీ, బోర్డు మీద ఉన్న స్లాట్ల సంఖ్య, ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్‌ఎం భాగాలు, ఇవన్నీ అతుకుడు సరుకు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు గుచ్చుడు సరుకు. అందుకే ఒక్కటే ఎం.2 స్లాటు ఉన్న మరీ చవక బోర్డు చూస్తే నాకు నచ్చదు. వెయ్యి రెండు వేల దగ్గర చూసుకుని పైకెళ్ళే దారి మూసేసుకోవడమే కదా.

అయితే ఏఎం4 కథ అంత సాఫీగా నడిచిందని అనుకోకండి. 2020 మే నెలలో ఏఎండీ ఓ ప్రకటన చేసింది: రాబోయే 5000 సిరీస్ ప్రాసెసర్లు బి450 లాంటి పాత బోర్డుల మీద పని చెయ్యవు అని. చెప్పిన కారణం బయాస్ చిప్‌లో చోటు చాలకపోవడం. చాలా బోర్డుల్లో ఆ చిప్ పదహారు ఎంబీలే, పాతా కొత్తా ప్రాసెసర్లన్నిటి వివరాలూ అందులో ఇరకవు. కొన్నవాళ్ళు ఊరుకుంటారా, గోలగోల చేశారు. అదే నెలలో కంపెనీ మాట మార్చుకుంది. ఇంకా పాత 300 సిరీస్ బోర్డులకైతే అధికారికంగా 2022 దాకా మోక్షం రాలేదు. అదీ ఎలాగంటే, కొన్ని బోర్డుల్లో కొత్తవాటికి చోటివ్వడానికి బయాస్‌లోంచి పాత ప్రాసెసర్ల పేర్లు కొట్టేశారు.

ఇంటెల్ వైపు 2017లో జరిగింది ఇంకో విచిత్రం. ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్లు ఏడో దాని సాకెట్‌లోనే అచ్చంగా కూర్చుంటాయి, అదే ఎల్‌జీఏ 1151. కూర్చుంటాయిగానీ పాత బోర్డు మీద నడవవు, 300 సిరీస్ బోర్డు కొత్తగా కొనాల్సిందే. ఆ తర్వాత 2020లో 1200, 2021లో 1700, 2024లో 1851 అని సాకెట్లు మారుతూ వచ్చాయి. ఇంటెల్ ప్రాసెసర్లు చెడ్డవని కాదు నేననేది. బోర్డు ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందాం అనేవాళ్ళకి మాత్రం ఇంటెల్ సాకెట్లతో నిలకడ తక్కువ.

మరి ఇప్పుడు ఏం కొనాలి? 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆపైన కూడా కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ చెప్పింది. చువ్వలు వదలాలంటే అదే మేలు. కానీ దాని మీద డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరేది పనిచెయ్యదు. ఇక్కడ నా కొండగుర్తుకే ఒక దెబ్బ తగిలింది. గుచ్చుకునేది ఎప్పుడైనా కొనచ్చు అన్నానా? 2025 మధ్యలో తయారీదారులు డీడీఆర్4 తగ్గించేస్తున్నామనేసరికి పాత ర్యామ్ ధర ఎగిరింది. ఏడాది చివరికొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్లు మెమరీ మొత్తం ఎగరేసుకుపోతుంటే డీడీఆర్5 కూడా కొండెక్కి కూర్చుంది. అన్నిట్లోకీ తేలిగ్గా వాయిదా వెయ్యగలిగిన వస్తువు, వాయిదా వేసినవాణ్ణే ఏడిపించింది. అయినా ధర కొండ మీదుంది కాబట్టి ఏఎం5 మీద ప్రస్తుతానికి పదహారు జీబీ స్టిక్ ఒక్కటి పెట్టి ఆపమన్నాను మా వాణ్ణి. విడి గ్రాఫిక్ కార్డు ఉన్నప్పుడు ఒంటి స్టిక్ వల్ల కొంచెం నష్టమే, మునిగిపోయేంత కాదు. ఎనిమిదేసి జీబీవి రెండు కొని, తర్వాత ఇంకో రెండు చేర్చుదామనే ఆలోచన మాత్రం వద్దు. ఏఎం5 మీద నాలుగు స్టిక్కులు వేస్తే ర్యామ్ వేగం బాగా తగ్గించుకోవాల్సొస్తుంది.

చేతిలో ఉన్నది మరీ తక్కువైతే ఏఎం4 ఇప్పటికీ పాపం ఏమంత చెడ్డది కాదు. కాకపోతే అది కట్టడం పూర్తయిన ఇల్లు, పైకి లేపడానికి పెద్దగా మిగల్లేదు. పైగా ఒక సాకెట్ వయసు మీరేకొద్దీ దాని మీద అన్నిటికన్నా మంచి ప్రాసెసర్‌కి గిరాకీ పెరుగుతుంది. రేపు ధర తగ్గాక కొందాంలే అని కూర్చుంటే అది బజార్లో కనిపించడమే మానేస్తుంది. 5800ఎక్స్3డికి అదే జరిగింది.

మా వాడు ఇంకో తెలివైన ప్రశ్న వేశాడు. "మామయ్యా, ఇప్పుడు పేరు చివర జి ఉన్న ప్రాసెసర్ కొని, వచ్చే సంక్రాంతికి గ్రాఫిక్ కార్డు కొంటే?" వినడానికి చాలా బాగుంటుంది. మనవాళ్ళలో చాలామంది చేసేది ఇదే. 5600జి లాంటి వాటిలో బొమ్మ చూపించే భాగం ప్రాసెసర్‌లోనే ఉంటుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి సెట్టింగులు తగ్గించుకుంటే హాయిగా నడిచిపోతాయి. మెలిక ఎక్కడుందంటే, పేరులో ఒక్క అక్షరమే తేడా అనుకునే 5600కీ 5600జికీ లోపల చాలా తేడా ఉంది. 5600లో ఎల్3 క్యాష్ ముప్ఫై రెండు ఎంబీ, జిలో పదహారే. 5600 గ్రాఫిక్ కార్డుతో పీసీఐఈ నాలుగో తరం వేగంతో మాట్లాడుతుంది, జి మూడో తరంతోనే ఆగిపోతుంది. సంక్రాంతికి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి చవక కార్డు తెచ్చి దానికి తగిలించారనుకోండి, ఆ కార్డుకి డేటా నడిచే దారులు, అంటే లేన్లు, ఉన్నవే నాలుగు. నాలుగు లేన్లూ మూడో తరం వేగంతో నడిస్తే కార్డు సగం ఊపిరితోనే పరిగెత్తినట్టు ఉంటుంది. ఏఎం5లో 8500జి ఉంది చూశారూ, దాంట్లో ప్రాసెసరే గ్రాఫిక్ కార్డుకి నాలుగు లేన్లు మాత్రం ఇస్తుంది. అంటే ఎంత మంచి కార్డు తెచ్చినా సందు ఇరుకే.

కాబట్టి జి కొనాలనుకుంటే ఒకటి తేల్చుకోండి. కార్డు నిజంగా ఏడాది లోపు వస్తుందా, లేక ఆ సంక్రాంతి ఇంకో రెండు సంక్రాంతులు దాటుతుందా? ఏడాదిలోపే వచ్చేటట్టయితే ఆ ఏడాది ఎలాగో ఓర్చుకోండి, లేదా పాత కార్డు ఏదైనా తగిలించి నెట్టుకురండి. జి వద్దు. లేదు, కార్డు సంగతి దేవుడెరుగు అనుకుంటే జి బంగారం. అప్పుడు ర్యామ్ మాత్రం తప్పకుండా రెండు స్టిక్కులుండాలి. ఆ బొమ్మల భాగానికి సొంత మెమరీ ఉండదు, మీ ర్యామే దాని ర్యామ్. ఒంటి స్టిక్ పెట్టారా, మొదట దెబ్బ పడేది అక్కడే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అదే అందరూ సీటీసీ అనేది. అలాంటి బజారుకి వెళ్ళి కొటేషన్ రాయించుకుని చూడండి. ప్రాసెసర్ పేరు అంకెతో సహా రాస్తారు. గ్రాఫిక్ కార్డు ఎన్ని జీబీలో రాస్తారు. కింద చివర్న "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని ఒకే లైను ఉంటుంది. ఆ లైను దగ్గరే నా కళ్ళద్దాలు తుడుచుకుంటాను. పెట్టెలో ఉన్న సామానంతటికీ కరెంటు పంచేది, తేడా వస్తే పక్కవాటిని కూడా తీసుకుపోయేది ఆ డబ్బానే. దానికి పేరు లేదు, ఊరు లేదు, క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వస్తోంది!

ఒకసారి అలాంటిదాన్ని చేతిలోకి తీసుకోండి. మొదట బరువు చూడండి, అట్టపెట్టెలా తేలిపోతుంది. పక్కన అంటించిన కాగితం మీద పెద్దక్షరాల్లో 450 అని ఉంటుంది. దాన్ని వదిలేసి చిన్న గడుల్లో ప్లస్ 12వీ అన్న నిలువు వరస పట్టుకోండి. కింద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. ప్రాసెసరూ గ్రాఫిక్ కార్డూ తినేది ఈ పన్నెండు వోల్టుల లైనులోంచే. అక్కడ 18 ఉందనుకోండి, పన్నెండుని పద్దెనిమిదితో గుణించండి, 216 వాట్లు. 450 అన్నది ఏది మరి? ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్లు తింటుంది, మామూలు ఆరు కోర్ల ప్రాసెసర్ ఆట మధ్యలో డెబ్భై ఎనభై దాకా పోతుంది. 210 ఇక్కడికే అయిపోయాయి. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ సంగతి ఇంకా మొదలెట్టనే లేదు. పైగా కార్డులు రెప్పపాటులో ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంటాయి. ఆట రంజుగా ఉన్నప్పుడే సిస్టమ్ టప్పున ఆగిపోతోంది అనేవాళ్ళని ముందు ఆ కాగితం ఫొటో తీసి పంపమంటాను. సరైన 450 అయితే ఆ గడిలో ముప్ఫై ఏడు ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది.

ఇప్పుడు 450 చాలే కంప్యూటర్‌కి 650 తీసుకోమంటే మా బావగారికి అర్థం కాలేదు. "కరెంటు బిల్లు పెరగదూ?" అన్నారు. పెరగదు బావగారూ, అది ఎంత ఇవ్వగలదన్న లెక్కేగాని ఎప్పుడూ అంత లాగుతుందని కాదు. రేపు మావాడు 250 వాట్ల కార్డు తెచ్చుకుంటే ఈ డబ్బా మార్చక్కర్లేదు. పేరున్న వాటికి ఐదేళ్ళు, ఏడేళ్ళు, పదేళ్ళ వారంటీ కూడా ఉంటుంది. కంప్యూటర్‌లో అంత ధైర్యంగా పదేళ్ళ మాట చెప్పే వస్తువులు తక్కువే కాబట్టి మీ పదేళ్ళ షరతుకి బాగా సరిపోయేది ఇదే. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని ఉండేవి కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతాయి, కట్టుబడి గట్టిదా కాదా అన్నది ఆ ముద్రలో ఉండదు. ఇంకో హెచ్చరిక: కేబుళ్ళు ఊడదీసుకునే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ తీసుకుంటే, ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ దానికి పొరపాటున కూడా గుచ్చకండి. అటుపక్క పిన్ను చక్కగా పడుతుంది, లోపల వైర్ల వరస వేరేగా ఉంటుంది. స్విచ్ వేసిన క్షణంలో ఎస్‌ఎస్‌డీలు, బోర్డు కాలిపోయిన సందర్భాలున్నాయి.

గ్రాఫిక్ కార్డుకి బడ్జెట్‌లో మూడో వంతు నుంచి సగం దాకా పోనివ్వండి, అది పోయే చోటే. మెమరీ మాత్రం చూసి తీసుకోండి, ఇందాక చెప్పుకున్న అతుకుడు సరుకు అది. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3070 చాలా చురుకైన కార్డు, మెమరీ ఎనిమిది జీబీ. మరుసటి ఏడాది దాని తమ్ముడు 3060 పన్నెండు జీబీతో వచ్చింది. కొత్త ఆటల్లో కొన్నిట్లో టెక్స్చర్లు పెంచితే అన్నగారి మెమరీ నిండిపోయి బొమ్మ తడబడుతుంటే, తమ్ముడు నెమ్మదిగానైనా తొణక్కుండా నడిపిస్తాడు. ఇప్పుడు ఇంటెల్ ఆర్క్ బి580 పన్నెండు జీబీతో, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ పదహారు జీబీతో ఉన్నాయి. బి580 తీసుకునేవాళ్ళు బోర్డులో రీసైజబుల్ బార్ ఉందో లేదో చూసుకోవాలి, పాత ప్రాసెసర్‌తో జత చేస్తే అది డీలా పడుతుంది కూడా. 9060 ఎక్స్‌టీ ఎనిమిది జీబీలో కూడా వస్తుంది, పేరు ఒకటే కాబట్టి బిల్లు మీద జీబీలు రాయించుకోండి. జీటీఏ 6 కోసం ఇప్పుడే పెద్ద కార్డు కావాలన్నాడు మా వాడు. ఒరేయ్, ఆ ఆట మొదట ప్రకటించింది ప్లేస్టేషన్‌కీ ఎక్స్‌బాక్స్‌కీ రా, పీసీకి వచ్చిన రోజు చూసుకుందువుగాని అన్నాను.

ఎస్‌ఎస్‌డీ గురించి రెండు ముక్కలే. ఎన్‌వీఎంఈది తీసుకోండి, అయిదు వందల జీబీతో మొదలుపెట్టినా పరవాలేదు గానీ రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉండాలి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే నూట యాభై జీబీ అడుగుతుంది.

సెకండ్ హ్యాండ్ మాట రాకుండా బడ్జెట్ మాటేంటండీ! "ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ, 18 వేలే" అని ప్రకటనలు చూసే ఉంటారు. ఐ7 అనగానే ఆగిపోకండి, తర్వాత అంకెలు అడగండి. చాలాసార్లు అది 2600 అవుతుంది, అంటే 2011 జనవరిది. దాని ర్యామ్ డీడీఆర్3, విండోస్ 11 జాబితాలో దాని పేరే లేదు. విండోస్ 10కి 2025 అక్టోబరుతో కాలం చెల్లింది. వాలరెంట్ అయితే విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ లేకపోతే తలుపే తియ్యదు. 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. లెక్కకి ఇద్దరూ సమానమే, పనిలో ఐ3 ఆ ఐ7ని వెనక్కి నెట్టేస్తుంది. అలాగే చవగ్గా దొరికే ఆర్‌ఎక్స్ 580లు చాలావాటి వెనకాల 2048ఎస్‌పీ అనే తోక ఉంటుంది. అసలు 580లో 2304 షేడర్లు, తోకదానిలో 2048, అంటే పేరు మార్చుకున్న 570. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే షేడర్ల సంఖ్య అక్కడే కనబడుతుంది. అమ్మేవాడి ముందే తెరిపించండి.

2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగిపోయినప్పుడు రాత్రింబవళ్ళు పనిచేసిన కార్డులు బోలెడు బజార్లోకి వచ్చాయి. వాటిని చూసి మరీ భయపడక్కర్లేదు. ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు అరిగుంటాయి, అవి మార్చుకోవచ్చు. అరగంట ఆట ఆడించి వేడి చూడకుండా మాత్రం డబ్బులివ్వకండి.

వేడి అంటే గుర్తొచ్చింది. యూట్యూబ్‌లో కార్డుల వేడి కొలిచేవాళ్ళు చాలామంది పాతిక డిగ్రీల గదిలో కూర్చుని కొలుస్తారు. మన రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం సంగతి వాళ్ళకేం తెలుసు. ఫ్యాను గది గాలినే లోపలికి తోస్తుంది కాబట్టి గది ఎంత వేడెక్కితే కార్డూ అంత ఎక్కువ వేడెక్కుతుంది. అందుకని ముందు వైపు అద్దమున్న అందమైన క్యాబినెట్ కన్నా జాలీ ఉన్నది తీసుకోండి. జాలీకి వెనకాల దుమ్ము ఫిల్టరు ఉండి, అది తేలిగ్గా ఊడొస్తే ఇంకా మంచిది. పొడుగు కూడా చూడండి, రేపటి కార్డు మూడు ఫ్యాన్లతో వస్తే పట్టాలి.

ఇంకోటి, దీని గురించి కొట్టువాళ్ళెవరూ చెప్పరు. రాత్రిపూట ఒట్టి కాళ్ళతో నిలబడి క్యాబినెట్ అంచు ముట్టుకుంటే వేలికి జివ్వుమంటుంది. టెస్టర్ ఆనిస్తే బుల్లి బల్బు ఎర్రగా వెలుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ పాడైందని మార్చేసినవాళ్ళున్నారు, కొత్తది పెట్టినా జివ్వుమనడం పోదు. ఎస్‌ఎంపీఎస్‌లో లైనుకీ ఇనుప ఒంటికీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటిలోంచి కారే కాస్త కరెంటు ఎర్త్ వైరు ద్వారా పోవాలి. మీ గోడలో మూడో రంధ్రం ఉంది, దాని వెనకాల వైరు లేదు. పాత ఇళ్ళలో మామూలే ఇది. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించినా అంతే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ వేయించండి, గ్రాఫిక్ కార్డు బడ్జెట్‌లోంచి కోసైనా సరే.

మూడేళ్ళ తర్వాత ప్రాసెసర్ మార్చే రోజు వస్తుంది కదా, ముందుగా కొత్త బయాస్ ఎక్కించాలి. అది ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు ఇటుకలా పడుంటుంది. మన కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి యూపీఎస్ మీద చెయ్యండి. బోర్డు కొనేటప్పుడే బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నది ఎంచుకుంటే, మధ్యలో ఆగినా పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ ఎక్కించుకోవచ్చు. ఏఎం4వాళ్ళకి ఇంకో జాగ్రత్త. దాంట్లో పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి. థర్మల్ పేస్టు ఎండిపోయి పట్టేసి ఉన్నప్పుడు హీట్ సింక్‌ని పైకి పీకితే దానికి అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు ఆట ఆడి వేడెక్కనిచ్చి, ఆపేశాక హీట్ సింక్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పితే అదే వదులుతుంది.

మొదటిరోజు చూసుకోవాల్సినవి కూడా చెప్పేస్తాను. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, గ్రాఫిక్ కార్డుకి పెట్టారో లేదో చూడండి. నవ్వకండి, పాతిక వేల కార్డు కొని కేబుల్ బోర్డుకి పెట్టి ఆటలు నత్తనడక నడుస్తున్నాయని ఫోను చేసేవాళ్ళున్నారు. బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ గాని ఎక్స్‌పో గాని ఆన్ చెయ్యండి, లేకపోతే డబ్బు పెట్టి కొన్న ర్యామ్ వేగం నిద్రపోతూనే ఉంటుంది. నూట అరవై అయిదు హెర్ట్జ్ మానిటర్ కొన్నవాళ్ళు విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో అరవై ఉంటే మార్చుకోండి. రెండు ర్యామ్ స్టిక్కులుంటే నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడండి.

ఆఖరికి అట్టపెట్టెలు. కార్డుదీ బోర్డుదీ ఎస్‌ఎంపీఎస్‌దీ పెట్టెలు, లోపలి స్పాంజ్, మిగిలిన స్క్రూలు, కేబుళ్ళతో సహా అటక మీద దాచండి. బిల్లు ఫొటో తీసి ఉంచుకోండి, కాగితం మీద సిరా ఏడాదికే మాసిపోతుంది. రేపు ఈ కార్డు అమ్మి కొత్తది కొనాలన్నప్పుడు బిల్లూ పెట్టే ఉన్నదానికి కొనేవాడు బేరం తక్కువ ఆడతాడు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే దసరా సర్దుళ్ళలో అవన్నీ పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్ళిపోతాయి.